సాయంత్రమైతే వచ్చే జ్వరం: అంకె కన్నా ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అన్నయ్యకు 41 ఏళ్లు. తొమ్మిది రోజులుగా జ్వరం. పగలు ఫరవాలేదు, సాయంత్రానికి 101, 102 డిగ్రీలకు చేరుతోంది. పారాసిటమాల్ వేస్తే దిగి, ఆరు గంటల తర్వాత మళ్లీ వస్తోంది. మూడో రోజున వైడాల్ పరీక్ష పాజిటివ్ అని చెప్పి టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదని ఆరో రోజున మందు మార్చారు. రక్తకణాల లెక్క మామూలుగానే ఉందట. ఇది ఏ జ్వరం, ఇంకా ఏ పరీక్షలు చేయించాలి అని అడిగారు.

నేను జనరల్ మెడిసిన్ వైద్యుడిని. పెద్దవాళ్ల జ్వరాలు చూడటమే నా రోజువారీ పని. మనిషిని చూడకుండా ఇది ఫలానా జ్వరమని నేను చెప్పను, అలా చెప్పేవారి మాట మీరూ నమ్మకండి. అయితే మీరు రాసినదాంట్లో ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. డిగ్రీలు రాశారు, మందులు రాశారు, పరీక్షల ఫలితాలు రాశారు. దగ్గు ఉందా, ఆకలి ఎలా ఉంది, బరువు తగ్గారా, ఒంటిమీద ఎక్కడైనా మచ్చ ఉందా, ఈ మధ్య ఎక్కడెక్కడ తిరిగారు అన్నది ఒక్క ముక్క కూడా రాయలేదు. జ్వరానికి కారణం చాలాసార్లు దొరికేది అక్కడే.

ముందుగా ఆ సాయంత్రపు జ్వరం సంగతి. 98.6 డిగ్రీలు అనే అంకెను మనకు ఇచ్చినవాడు కార్ల్ వుండర్లిష్ అనే జర్మన్ వైద్యుడు. దాదాపు 25 వేల మంది రోగుల చంకలో థర్మామీటర్ పెట్టి కొలిచి, 1868లో ఆ వివరాలతో పుస్తకం వేశాడు. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతులను నోటి థర్మామీటర్‌తో కొలిచి చూస్తే సగటు 98.2 అని తేలింది. దానికన్నా ముఖ్యమైన సంగతి, ఒంటి వేడి రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య ఎక్కువగా ఉంటుంది. అందుకే ఆ పరిశోధకులు ఉదయం 98.9, సాయంత్రం 99.9 దాటితేనే జ్వరమనాలని సూచించారు. వైద్యులు ఎక్కువగా వాడే హద్దు 100.4.

ఈ రోజువారీ ఎగుడుదిగుడు జ్వరంలోనూ ఆగదు. కాబట్టి దాదాపు ప్రతి జ్వరమూ సాయంత్రానికే పెరుగుతుంది. సాయంత్రం జ్వరమంటే క్షయ అని కొందరు, టైఫాయిడ్ అని కొందరు భయపెడతారు. వేళను మాత్రమే చూసి ఆ మాట అనలేం. వారాల తరబడి దగ్గు, రాత్రి బట్టలు తడిసేంత చెమట, బరువు తగ్గడం తోడైతే అప్పుడు ఆ సాయంత్రపు జ్వరానికి అర్థం మారుతుంది.

పారాసిటమాల్‌కు తగ్గి మళ్లీ వస్తోందన్నది మీ రెండో కంగారు. ఒంట్లో క్రిములు చేరినా, మరే కారణంతోనైనా లోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టినా తెల్ల రక్తకణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో మెదడులోని హైపోథలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారై, ఒళ్లు ఎంత వేడిగా ఉండాలన్న హద్దును పైకి జరుపుతుంది. హద్దు 102కి జరిగి ఒళ్లు ఇంకా 99లోనే ఉంటే మనిషికి చలి వేస్తుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి, వణుకు పుడుతుంది, దుప్పటి కావాలంటారు. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని కొన్ని గంటలు అడ్డుకుంటుంది. హద్దు కిందికి దిగి, చెమట పట్టి ఒళ్లు చల్లారుతుంది. మందు ప్రభావం పోయాక కారణం అలాగే ఉంటే జ్వరం తిరిగి వస్తుంది. అందులో విడ్డూరం లేదు, మందు పనిచేయలేదనీ కాదు. అలాగే మాత్రకు తగ్గింది కాబట్టి చిన్న జ్వరమే అనుకోవడమూ పొరపాటే. వైరల్ జ్వరమూ మాత్రకు తగ్గుతుంది, కాలేయంలో చీముగడ్డ వల్ల వచ్చే జ్వరమూ తగ్గుతుంది.

వడదెబ్బ మాత్రం వేరే సంగతి. అక్కడ మెదడులోని హద్దు జరగదు, ఒళ్లు వేడిని బయటికి పంపలేకపోతుంది. దానికి పారాసిటమాల్ పనికిరాదు, వెంటనే నీళ్లతో, గాలితో, మంచుతో ఒంటిని చల్లార్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల ఒళ్లు కొయ్యబారి వేడెక్కేదీ ఇదే కోవలోకి వస్తుంది.

ఇప్పుడు ఎన్నో రోజు అన్న లెక్కకు వద్దాం. నన్ను అడిగితే జ్వరంలో డిగ్రీల కన్నా రోజులు ఎక్కువ చెబుతాయి. మొదటి మూడు రోజుల్లో వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి, వారంలోపు వాటంతట అవే తగ్గిపోయేవి. ముక్కు కారడం, గొంతు నొప్పి, ఒళ్లునొప్పులు ఉండి మనిషి తేలిగ్గానే ఉంటే ఆగి చూడటంలో తప్పు లేదు. మలేరియాకు ఈ ఓపిక వర్తించదు. మలేరియా ఉన్న ప్రాంతంలో ఉన్నవారికి, అక్కడికి వెళ్లి వచ్చినవారికి మొదటి రోజే పరీక్ష చేయాలి. ఒకసారి నెగటివ్ వచ్చినా అనుమానం ఉంటే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాలతో మళ్లీ చూడాలి. రోజు విడిచి రోజు వచ్చేదే మలేరియా అన్నది పాత పాఠం. వైవాక్స్ రకం కుదురుకున్నాక 48 గంటలకోసారి రావచ్చు, ప్రాణాంతకమైన ఫాల్సిపారం మాత్రం ఏ వేళనూ పాటించదు.

మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు డెంగీని మనసులో పెట్టుకోవాలి. దానిలో మెలిక ఏమిటంటే, అసలు ప్రమాదం మొదలయ్యేది జ్వరం దిగే వేళకే. జ్వరం పోయిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోయి రక్తపోటు పడిపోవచ్చు. విడవకుండా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం కనిపిస్తే ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. అందరూ ప్లేట్‌లెట్ల అంకెను మాత్రమే చూస్తారు. దానితో పాటు రక్తం చిక్కబడుతోందా అని చెప్పే హెమటోక్రిట్‌ను కూడా చూడాలి. డెంగీ కాదని తేలేవరకు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ వంటివి వేయకూడదు.

మీ అన్నయ్య ఈ రెండు గట్టులూ దాటి తొమ్మిదో రోజుకు వచ్చారు. వారం దాటినా తగ్గని జ్వరమంటే మామూలు వైరల్ జ్వరం అన్న మాటకు బలం తగ్గుతుంది. అప్పుడు టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్, క్షయ, ఒంట్లో ఎక్కడో దాగిన చీముగడ్డ, గుండె కవాటాలకు పట్టిన ఇన్ఫెక్షన్ వంటివి వరుసలో ముందుకు వస్తాయి.

టైఫాయిడ్ కావచ్చు. కానీ ఆ వైడాల్ కాగితాన్ని బట్టి కాదు. ఫెర్నాండ్ వైడాల్ 1896లో వెలుగులోకి తెచ్చిన పరీక్ష అది. రక్తంలో క్రిమిని వెతకదు, క్రిమికి వ్యతిరేకంగా ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. అవి గుర్తించదగినంతగా పెరగడం సాధారణంగా రెండో వారంలో. మూడో రోజునే పాజిటివ్ వచ్చిందంటే పాత ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు కావచ్చు, టీకా వల్ల కావచ్చు, వేరే క్రిమికి తయారైన యాంటీబాడీలు అడ్డు తగిలి ఉండవచ్చు. టైఫాయిడ్‌ను నిర్ధారించే దారి రక్తం కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. మొదటి వారంలో, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. ఆ అవకాశం మీకు చేజారింది.

ఇంకో మాట. నిజంగా టైఫాయిడే అయినా, సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడో రోజున మొదలుపెట్టిన మందును ఆరో రోజున మార్చడమంటే దానికి సమయం ఇవ్వకపోవడమే. మనిషి పరిస్థితి దిగజారితే తప్ప ఇలా మందు మీద మందు మార్చడం నాకు అసలు నచ్చదు. ఆ తర్వాత జ్వరం తగ్గితే ఏ మందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే ఏ జబ్బు కాదో తెలియదు.

కాబట్టి మళ్లీ మొదటికి వెళ్లి, మీ అన్నయ్య పక్కన కూర్చుని తీరిగ్గా అడగండి. మొదట చలి సంగతి. కాస్త చలిగా అనిపించడం వేరు, మంచం అదిరేంత వణుకు వేరు. రెండోది ఉంటే మలేరియా, మూత్రపిండాల ఇన్ఫెక్షన్, పైత్యరస నాళంలో చీము, రక్తంలో బ్యాక్టీరియా ఉన్నాయేమోనని అనుమానించాలి. మూత్రంలో మంట, నడుముకు ఒక పక్క నొప్పి ఉన్నాయా? మగవారిలో ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ ఉంటే ధార సన్నబడుతుంది, మలద్వారానికి ముందుభాగంలో బరువుగా ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు. కుడి పక్కటెముకల కింద నొప్పి, గట్టిగా ఊపిరి తీస్తే అది భుజానికి లాగడం కాలేయంలో చీముగడ్డకు సూచన. పిక్కలు ముట్టుకోనివ్వని నొప్పి, ఎర్రబడిన కళ్లు, వరద నీటిలోనో బురదలోనో దిగిన చరిత్ర లెప్టోస్పైరోసిస్ వైపు చూపిస్తాయి. పచ్చిపాలు తాగడం, పశువుల కాన్పుల దగ్గర పనిచేయడం, వెన్నునొప్పి కలిస్తే పశువుల నుంచి సోకే బ్రుసెల్లా ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి.

తర్వాత బట్టలు తీసి ఒళ్లంతా చూడాలి. స్క్రబ్ టైఫస్‌ను మోసేది మైట్ అనే పురుగు పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు), అది కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది, నొప్పి ఉండదు. అది ఉండేది ఎక్కువగా చంకలో, గజ్జలో, నడుము పట్టీ దగ్గర, మర్మావయవాల మీద, స్త్రీలలో రొమ్ముల కింద. రోగికి తెలియదు, చొక్కా గుండీ కూడా విప్పించకుండా చూసిన వైద్యుడికీ తెలియదు. టైఫాయిడ్‌కు సాధారణంగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ వంటివి దీని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ పడితే మాత్రం చాలామందిలో 48 గంటల్లో జ్వరం దిగుతుంది. అందుకే టైఫాయిడ్ మందుకు లొంగని జ్వరం అనగానే నా చూపు మొదట ఈ పక్కు కోసమే వెతుకుతుంది. పక్కు లేకపోయినా జబ్బు ఉండవచ్చు, రక్తపరీక్ష ఉంది.

అలాగే మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో తడిమి చూడాలి. గుండెలో కొత్త మర్మర్ శబ్దం ఉందేమో వైద్యుడు వినాలి. నాడి లెక్కపెట్టడం ఖర్చు లేని పని. మామూలుగా ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగితే నాడి నిమిషానికి సుమారు పది పెరుగుతుంది. 102 జ్వరంలో నాడి 80 దగ్గరే నిలిచిందంటే టైఫాయిడ్‌తో సహా కొన్ని జబ్బులు గుర్తుకు రావాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్లు వాడేవారిలో మాత్రం ఈ లెక్క చెల్లదు.

ఇన్ఫెక్షన్ కాని జ్వరాలూ ఉన్నాయి. వీటిని జనం మరిచిపోతారు, ఒక్కోసారి మేమూ ఆలస్యంగా తలుస్తాం. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్, మూత్రపిండంలో కణితి జ్వరంతోనే బయటపడవచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్, స్టిల్స్ వ్యాధి వంటివాటిలో జ్వరంతో పాటు కీళ్లనొప్పులు, దద్దుర్లు ఉంటాయి. మెడ ముందుభాగంలో నొప్పి చెవికి లాగుతుంటే థైరాయిడ్ వాపు. కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినా కొద్దిపాటి జ్వరం వస్తుంది. యాభై దాటినవారిలో జ్వరంతో పాటు కొత్తగా కణత దగ్గర తలనొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తే ఆలస్యం చేయకూడదు, అది చూపు తీసేసే ధమనుల వాపు కావచ్చు.

మందుల వల్ల వచ్చే జ్వరం కూడా ఉంది. యాంటీబయాటిక్స్‌తో, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులతో రావచ్చు. సాధారణంగా మందు మొదలుపెట్టిన వారం పది రోజులకు వస్తుంది. మనిషి చూడటానికి బాగానే ఉంటాడు, జ్వరం మాత్రం కొడుతుంటుంది. ఆ మందు ఆపితే రెండు మూడు రోజుల్లో పోతుంది. మీ అన్నయ్యది యాంటీబయాటిక్ కన్నా ముందే మొదలైంది కాబట్టి మొదటి అనుమానం ఇది కాదు. ఇలాగే మందులు మార్చుకుంటూ పోతే మాత్రం ఒకదాని మీద ఇంకొకటి చేరి, ఏది జబ్బు జ్వరమో ఏది మందు జ్వరమో తేల్చుకోలేని స్థితి వస్తుంది.

ఇక పరీక్షలు. తొమ్మిదో రోజున నేనైతే అడిగేవి: రక్తకణాల లెక్క మరోసారి, మలేరియా, రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసిన రక్తం కల్చర్, మూత్ర పరీక్ష, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, కడుపు అల్ట్రాసౌండ్, స్క్రబ్ టైఫస్ యాంటీబాడీ పరీక్ష, హెచ్ఐవీ. కవాటాల ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే మూడు కల్చర్లు, గుండె ఎకో. డెంగీకి ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదారు రోజుల్లో చేయాల్సినది, ఇప్పుడు దాని నెగటివ్‌కు విలువ లేదు. వైడాల్ మళ్లీ చేయించకండి. జ్వరం ప్యాకేజీ పేరుతో పాతిక పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే ఏదో ఒకటి తప్పుగా పాజిటివ్ వచ్చి దాని వెంట పడతారు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరిగితే ఒంట్లో వాపు ఉందని మాత్రమే అర్థం, జ్వరం ఉన్న మనిషికి అది తెలిసిన సంగతే. తెల్లకణాల లెక్క మామూలుగా ఉందని నిశ్చింత వద్దు. టైఫాయిడ్‌లో, మలేరియాలో, క్షయలో అది మామూలుగానో తక్కువగానో ఉండటం సర్వసాధారణం.

ఇవన్నీ చేసినా ఏమీ దొరకకుండా మూడు వారాలు దాటితే దాన్ని కారణం తెలియని జ్వరంగా ప్రత్యేకంగా లెక్కిస్తారు. పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికన్ వైద్యులు 1961లో దీనికి కొలతలు పెట్టారు: 101 డిగ్రీలు దాటిన జ్వరం, మూడు వారాలకు పైగా, ఆసుపత్రిలో వారం వెతికినా తేలనిది. వారు చూసిన వంద మందిలో 36 మందికి ఇన్ఫెక్షన్, 19 మందికి క్యాన్సర్, 15 మందికి కీళ్లవాపు, లూపస్ కోవకు చెందిన జబ్బులు తేలాయి. ఇలాంటివాటిలో చాలావరకు అరుదైన జబ్బులు కావు, మామూలు జబ్బులే మారువేషంలో వచ్చినవి. మీరింకా ఆ దశకు రాలేదు.

ఏ రోజైనా సరే ఆగకూడని సందర్భాలు చెబుతాను. ఊపిరి వేగంగా తీసుకోవడం, మాట తడబడటం, కొత్తగా అయోమయం, మెడ వంచలేకపోవడం, విడవని తలనొప్పితో వాంతులు, మూర్ఛ, నొక్కినా రంగు పోని ఎర్రటి ఊదారంగు మచ్చలు, కళ్లు పచ్చబడటం, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. కీమోథెరపీలో ఉన్నవారికి, ప్లీహం తీసేసినవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి 100.4 దాటిన జ్వరమే అత్యవసరం. ముసలివారిలో న్యుమోనియా ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వాళ్లు తినడం మానేసి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే థర్మామీటర్ ఏం చూపించినా జబ్బుగానే లెక్కించండి.

ఇంట్లో ఏం చేయాలంటే: పెద్దవారికి పారాసిటమాల్ ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల తేడాతో, రోజు మొత్తం 4 గ్రాములు మించకుండా. మద్యం అలవాటు ఉన్నా, కాలేయం జబ్బు ఉన్నా, బరువు 50 కిలోల లోపు ఉన్నా మోతాదు ఇంకా తక్కువ, వైద్యుణ్ని అడిగి వేయాలి. జలుబు మాత్రల్లోనూ, నొప్పుల మాత్రల్లోనూ ఇదే కలిసి ఉంటుంది, అట్ట వెనక చదివి లెక్క కట్టండి. అంకెను 98.6కి తేవడం కోసం మాత్ర వేయనక్కర్లేదు, మనిషికి బాధగా ఉంటే వేయండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారిలో, గర్భిణుల్లో మాత్రం జ్వరాన్ని దించడమే మంచిది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయవచ్చు. చన్నీళ్లు పోస్తే వణుకు పుట్టి వేడి ఇంకా పెరుగుతుంది. జ్వరం వెంటనే దిగాలని స్టెరాయిడ్ ఇంజక్షన్ మాత్రం చేయించుకోకండి. అది క్షయనూ, లింఫోమానూ కొన్నాళ్లు కప్పిపెడుతుంది.

మాత్ర వేయడానికి ముందు, రోజుకు నాలుగు వేళల్లో, ఒకే థర్మామీటర్‌తో, ఒకే చోట కొలిచి నాడితో సహా కాగితం మీద రాయండి. వేడివో చల్లనివో తాగితే పావుగంట ఆగాక నోట్లో పెట్టాలి. చంకలో నోటికన్నా సుమారు ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. ఆ కాగితం, వాడిన మందులన్నిటి అట్టలు, పాత చీటీలు తీసుకుని రేపే ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు నడుస్తున్న యాంటీబయాటిక్ ఏ జబ్బును ఉద్దేశించి ఇస్తున్నారో, దాని ఫలితం ఎన్నో రోజున చూడాలో, ఆ రోజుకు తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారో సూటిగా అడగండి.